పల్లేరు ముల్లు, పల్లేరు మాత్ర: తోటి కోచ్‌లకు, జిమ్ ట్రైనర్లకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో జిమ్ములు నడుపుతున్న అన్నలకు, గ్రౌండ్లలో ఈవెంట్స్ చేయిస్తున్న కోచ్‌లకు, తోటి పీఈటీలకు నమస్కారం.

నేను సర్కారు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. పొద్దున ఐదున్నరకల్లా మా మండల కేంద్రం గ్రౌండ్‌లో ఉంటాను. కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకు తయారయ్యే ఆడపిల్లలు, మగపిల్లలు కలిపి ముప్పై నలభై మంది వస్తారు. వానలు తగ్గాక ఆ గ్రౌండ్ నిండా పల్లేరు పరుచుకుంటుంది. నేలకు అతుక్కుని పాకే తీగ, చిన్న చిన్న పసుపు పూలు, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉండే కాయ. షూస్ కొనలేని పిల్లలు ఉత్త కాళ్లతో పరిగెత్తుతారు. రౌండుకు ఒకరైనా పక్కకొచ్చి కూర్చుని, పాదం తిప్పి ముల్లు లాక్కుని, మళ్లీ లేచి పరుగందుకుంటారు.

పోయిన నవంబరులో అలా ముల్లు తీసుకుంటున్న ఒక అబ్బాయి సంచిలోంచి మాత్రల డబ్బా జారి పడింది. పైన కండలు తిరిగిన మనిషి బొమ్మ, పక్కన పచ్చటి ఆకు బొమ్మ. ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్ అని రాసి ఉంది. ఎంతరా అంటే పద్నాలుగు వందలు అన్నాడు. వాళ్ల నాన్న హమాలీ పని చేస్తాడు. నీ కాలిలో దిగిందీ, ఈ డబ్బాలో ఉన్నదీ ఒకటే మొక్కరా అని చెప్పాను. వాడు నమ్మలేదు. "అది పల్లేరు సార్, ఇది టెస్టోస్టిరాన్ పెంచేది" అన్నాడు. ఎవరిచ్చారు అని అడిగితే, "మా జిమ్ అన్న ఇచ్చిండు. ఆయుర్వేదిక్, ఏం కాదు అన్నడు" అన్నాడు.

ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం ఆ ఒక్క మాటే. కంపెనీలకు రాయొచ్చు, ఢిల్లీకి రాయొచ్చు. కానీ ఆ అబ్బాయికి కంపెనీ ఎవరో తెలియదు, లేబుల్ మీది అక్షరాలు చదవలేదు. వాడు నమ్మింది తన అన్నను. మనం నోటితో చెప్పిన మాటే పిల్లలకు డాక్టర్ చీటీ.

ముందు పల్లేరు సంగతి. ఆయుర్వేదంలో దీన్ని గోక్షురం అంటారు, మూత్ర సంబంధమైన బాధలకు వైద్యులు వాడతారు. ఆ వైద్యం జోలికి నేను వెళ్లను. కండ పెంచుతుంది, మగ హార్మోను టెస్టోస్టిరాన్ పెంచుతుంది అన్న ప్రచారం మాత్రం 1980ల తర్వాత బల్గేరియా వెయిట్‌లిఫ్టర్ల పేరు చెప్పుకుని లోకమంతా తిరిగింది. ఆస్ట్రేలియాలో 22 మంది రగ్బీ లీగ్ ఆటగాళ్ల మీద దీన్ని పరీక్షించి 2007లో ఫలితం ప్రచురించారు. కొందరికి రోజుకు 450 మిల్లీగ్రాముల పల్లేరు సారం, మిగతావాళ్లకు ఏమీ లేని ఉత్త మాత్ర. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్లకు తెలియదు. ఐదు వారాలు బరువులు ఎత్తాక బలం పెరిగింది, రెండు జట్లకూ ఒకేలా పెరిగింది. అంతకు రెండేళ్ల ముందు బల్గేరియా పరిశోధకులే 21 మంది కుర్రాళ్లకు నాలుగు వారాలు ఇచ్చి రక్తం పరీక్షిస్తే టెస్టోస్టిరాన్ కదల్లేదు. కథ పుట్టిన దేశంలోనే తేలిన నిజం ఇది. ఆ నాన్న ఎన్ని బస్తాలు మోస్తే పద్నాలుగు వందలు వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక అశ్వగంధ, మన పెన్నేరుగడ్డ. ఇక్కడ నేను నా తప్పు కూడా చెప్పాలి. పదేళ్ల క్రితం నేను కూడా పిల్లలకు రాత్రి పాలల్లో పెన్నేరు పొడి కలుపుకుని తాగండి, స్టామినా వస్తుంది అని చెప్పేవాణ్ని. మా తాత చెప్పిన మాట అది. ఎంత తాగాలి, ఎన్నాళ్లు తాగాలి, ఎవరు తాగకూడదు అన్నది నాకు తెలియదు. తెలియకుండానే చెప్పాను.

అశ్వగంధను ఉత్తదే అని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2015లో మన దేశంలోనే 57 మంది మగవాళ్లతో ఎనిమిది వారాల పరీక్ష జరిగింది. వేరు సారం 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు తీసుకున్నవాళ్ల బెంచ్ ప్రెస్ సగటున 46 కిలోలు పెరిగింది. ఉత్త మాత్ర మింగినవాళ్లది 26 కిలోలు పెరిగింది. అమ్మేవాళ్లు మొదటి అంకె చూపిస్తారు. నా కళ్లు మాత్రం రెండో అంకె మీదే ఆగిపోయాయి. ఏ మందూ లేకుండా, కొత్తగా బరువులు పట్టిన మనిషి ఎనిమిది వారాల్లో 26 కిలోలు ఎక్కువ ఎత్తాడు! అది కోచింగ్ ఫలితం. అంటే మీ పని, నా పని. దాన్ని మనమే డబ్బా ఖాతాలో వేస్తున్నాం.

పైగా 57 మంది అంటే చిన్న పరీక్ష. వాళ్లకు అంతకుముందు బరువుల అలవాటు పెద్దగా లేదు. ఏళ్ల తరబడి సాధన చేస్తున్నవాడికి అదే లాభం వస్తుందని దాన్నిబట్టి చెప్పలేం. ఇంకోవైపు, అశ్వగంధ మాత్రలు వాడినవాళ్లకు కామెర్లు వచ్చి కాలేయం దెబ్బతిన్న కేసులు ఐస్‌లాండ్‌లో, అమెరికాలో నమోదయ్యాయి. అలాంటివి అరుదే. కానీ డెన్మార్క్ 2023లో ఆహార సప్లిమెంట్లలో అశ్వగంధను నిషేధించింది. థైరాయిడ్ మాత్రలు వేసుకునే పిల్ల, కామెర్లు తగ్గి నెల తిరగని పిల్లవాడు మన గ్రౌండ్‌లోనే ఉంటారు. మనం అడగం, వాళ్లు చెప్పరు.

మళ్లీ ఆ అబ్బాయి దగ్గరికి వస్తాను. జనవరిలో ఒక రోజు వాడు మూడో రౌండు మధ్యలో ఆగి, ట్రాక్ పక్కన వంగి వాంతి చేసుకున్నాడు. కూర్చోబెట్టి మణికట్టు పట్టుకున్నాను. పది నిమిషాలు గడిచినా నాడి నిమిషానికి 130కి తగ్గలేదు. వేళ్లు వణుకుతున్నాయి. రాత్రి నిద్ర పట్టలేదు సార్ అన్నాడు. ఈసారి మాత్రలు కాదు, వ్యాయామానికి ముందు తాగే ప్రీ-వర్కవుట్ పొడి. అదీ హెర్బల్ అనే. లేబుల్ తిప్పి చదివాను. హెర్బల్ ఎనర్జీ బ్లెండ్ అని ఒకే మొత్తం వేసి, కింద గ్వారానా, గ్రీన్ టీ, గ్రీన్ కాఫీ, మిరప అని వరసగా పేర్లు. ఏది ఎంతో లేదు. గ్వారానా అంటే ఏదో అడవి మూలిక అనుకున్నాడు వాడు. దాని గింజలో ఉండేది కెఫీన్, కాఫీ గింజలో కన్నా ఎక్కువ. మిరప తప్ప మిగతా మూడు పేర్లూ విప్పితే లోపల ఉండేది ఒకే సరుకు.

కెఫీన్ పనిచేస్తుంది. దీన్ని దాచాల్సిన పని లేదు. 2018లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు సప్లిమెంట్లన్నీ జల్లెడ పట్టి, ఆటలో నేరుగా ఉపయోగపడతాయని గట్టి ఆధారాలున్నవి ఐదే తేల్చారు: కెఫీన్, క్రియాటిన్, నైట్రేట్, బీటా అలనిన్, సోడియం బైకార్బనేట్. వీటిలో మొక్కల నుంచి మన ఇంటికి వచ్చేవి రెండు. ఒకటి కాఫీ, టీలలోని కెఫీన్. రెండోది బీట్‌రూట్, పాలకూర, తోటకూరల్లో ఉండే నైట్రేట్. పరుగుకు రెండు మూడు గంటల ముందు తగినంత నైట్రేట్ పడితే అదే వేగానికి కండరాలు కాస్త తక్కువ ఆక్సిజన్‌తో సరిపెట్టుకుంటాయి. ఆ నిపుణుల లెక్కలో టైం పెట్టి చేసే పోటీల్లో మెరుగుదల 1 నుంచి 3 శాతం. బాగా ఆరితేరిన ఆటగాళ్లలో అంత కూడా కనిపించకపోవచ్చు.

ఆ 1 నుంచి 3 శాతాన్ని మన 1600 మీటర్లకు వేసి చూద్దాం. తెలంగాణ పోలీసు నియామకాల్లో మగవాళ్లకు పెట్టిన గడువు 7 నిమిషాల 15 సెకన్లు. మా అబ్బాయి టైం అప్పటికి 7 నిమిషాల 40 సెకన్లు. అన్నీ కలిసొస్తే గట్టి ఆధారమున్న నైట్రేట్ కూడా వాడికి ఐదు నుంచి పద్నాలుగు సెకన్లు ఇస్తుంది. వాడికి కావాల్సింది 25.

ఆ 25 ఎక్కడ పోతున్నాయో స్టాప్‌వాచ్ చూపించింది. మొదటి రౌండు నిమిషం 25 సెకన్లకే కొట్టేస్తున్నాడు, ఆఖరి రౌండుకు రెండు నిమిషాల 20 సెకన్లు తీసుకుంటున్నాడు. గడువు అందుకోవాలంటే నాలుగు రౌండ్లూ నిమిషం 48 చొప్పున వస్తే చాలు. పొడి మాన్పించాను. వారానికి రెండు రోజులు నాలుగు వందల మీటర్ల ముక్కలు, మధ్యలో నడక, ప్రతి ముక్కా నిమిషం 45కి తగ్గకుండా, పెరగకుండా. ఒక రోజు మెల్లగా నలభై నిమిషాల పరుగు. రాత్రి పదికి ఫోన్ పక్కన పెట్టడం. పొద్దున ఖాళీ కడుపుతో కాకుండా రెండు అరటిపండ్లు తిని రావడం. పది వారాలకు 7 నిమిషాల 9 సెకన్లు వచ్చింది. ఇందులో గొప్పేమీ లేదు, మీలో చాలామంది నాకన్నా బాగా చేయిస్తారు. చేయించి కూడా డబ్బా ఎందుకు చేతిలో పెడుతున్నారన్నదే నా బాధ.

ఫ్యాట్ బర్నర్ల మాటకొస్తే, మా స్టాఫ్ రూములోనే ఇద్దరు టీచరమ్మలు గ్రీన్ టీ మాత్రలు వేసుకుంటున్నారు. కొవ్వు కరిగి చెమటగా పోతుందని జిమ్ములో చెప్పారట. కొవ్వు చెమటగా పోదు. పది కిలోల కొవ్వు ఒంట్లో పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో బయటికి పోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. చెమట పట్టించే మాత్ర నీళ్లు తగ్గిస్తుంది. తూకంలో ఆ తగ్గుదల రెండు చెంబుల మంచినీళ్లు తాగేదాకానే.

గ్రీన్ టీ సారం ఒంటి ఖర్చు పెంచుతుందన్నది అబద్ధం కాదు. 1999లో స్విట్జర్లాండ్‌లో పది మంది యువకుల్ని గదిలో ఉంచి కొలిస్తే రోజుకు 4 శాతం, అంటే దాదాపు 79 కిలోకేలరీలు ఎక్కువ ఖర్చయ్యాయి. అరవై కిలోల మనిషి మన ట్రాక్ మీద నాలుగు రౌండ్లు పరిగెత్తితే ఖర్చయ్యేది దాదాపు వంద. కిలో కొవ్వులో ఉండేవి 7,700. ఆకలి పెరగకుండా, ఇంకేమీ మారకుండా ఉంటే ఆ మాత్రలతో కిలో తగ్గడానికి మూడు నెలలు దాటుతుంది. నిజజీవితంలో అంత కూడా రాలేదు. 2012లో వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ సమీక్షకులు జపాన్ బయట జరిగిన అధ్యయనాలు కలిపి చూస్తే తేడా 40 గ్రాములు వచ్చింది. టీగా తాగితే ఇబ్బంది లేదు. సారంగా తీసి మాత్రల్లో కుక్కినప్పుడే చిక్కు. అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆ పైన పడితే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

గార్సినియా కూడా అంతే. కేరళలో చేపల కూరలో వేసే కుడంపులి సారమే అది. 1998లో అమెరికాలో 135 మందికి 12 వారాలు పరీక్ష పెట్టారు. ఉత్త మాత్ర మింగినవాళ్లు సగటున 4.1 కిలోలు, గార్సినియా మింగినవాళ్లు 3.2 కిలోలు తగ్గారు. ఇరవై ఏడేళ్లు దాటినా ఆ డబ్బా ఇంకా మన షెల్ఫుల్లో ఉంది.

నిజంగా బరువు తగ్గించిన మూలిక ఒకటి ఉండేది. ఎఫెడ్రా, చైనావాళ్ల మా హువాంగ్. పరీక్షలన్నీ కలిపి చూస్తే నెలకు దాదాపు 0.9 కిలో ఎక్కువ తగ్గించింది. దాంతోపాటే గుండె దడ, మానసిక ఇబ్బందులు, వాంతులు రెండు మూడు రెట్లు పెంచింది. 2003 ఫిబ్రవరిలో ఫ్లోరిడా ఎండలో సాధన చేస్తూ స్టీవ్ బెక్లర్ అనే 23 ఏళ్ల బేస్‌బాల్ ఆటగాడు కుప్పకూలాడు. ఒంటి వేడి 108 ఫారన్‌హీట్‌కు చేరింది, మర్నాడు చనిపోయాడు. బరువు ఎక్కువ ఉండటం, సరిగా తినకపోవడం, ఎండకు అలవాటు పడకపోవడం కూడా కారణాలే, వాటితోపాటు అతను వాడిన ఎఫెడ్రా మాత్రల పాత్ర ఉందని శవపరీక్ష చేసిన అధికారి తేల్చారు. 2004లో అమెరికా ఎఫెడ్రా సప్లిమెంట్లను నిషేధించింది. ఫ్లోరిడాలో అది చలికాలం. మనం పిల్లల్ని పరిగెత్తించేది ఏప్రిల్, మే నెలల్లో, రామగుండం, రెంటచింతల ఎండల్లో. గుండెను ఉరికించే పొడి, కడుపు మాడ్చుకునే కటింగ్, మన ఎండ, ఈ మూడూ ఒకచోట కలిస్తే ఏమవుతుందోనని నాకు నిజంగా భయం.

ఇక లేబుల్ మీద లేని సరుకు. సిబుట్రమిన్ అని ఆకలి చంపే మందు ఉండేది. గుండెకు ముప్పు అని 2010లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు, 2011లో మన దేశమూ నిషేధించింది. దుకాణంలోంచి పోయిన మందు మూలికల డబ్బాలోకి దూరింది. 2007 నుంచి 2016 వరకు అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కల్తీ అని పట్టుకున్న 776 సప్లిమెంట్లలో దాదాపు 41 శాతం బరువు తగ్గించేవే, వాటిలో ఎక్కువగా దొరికింది సిబుట్రమినే. కాబట్టి మీ మెంబరు ఎవరైనా "ఈ హెర్బల్ భలే పనిచేసింది అన్నా, వారంలో ఆకలే చచ్చిపోయింది" అంటే సంతోషపడకండి. అప్పుడే అనుమానపడండి.

ఇప్పుడు మన దేశంలో జరిగింది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మన అమ్మాయిలు 4×400 రిలేలో బంగారు పతకం తెచ్చారు. మీలో చాలామంది ఆ రోజు టీవీ ముందు లేచి నిలబడే ఉంటారు, నేను మా బడి పిల్లలందరికీ చూపించాను. మరుసటి ఏడాది ఆ నలుగురిలో ముగ్గురు స్టెరాయిడ్ పరీక్షలో దొరికారు. వాళ్లు మింగామని చెప్పింది జిన్‌సెంగ్, ఒక వేరు. శిబిరంలో జిన్‌సెంగ్ నిండుకుంటే విదేశీ కోచ్ చైనాలో కొని తెచ్చి చేతికిచ్చాడు. విచారణ కమిటీ వేశారు, కోచ్‌ను తీసేశారు. అమ్మాయిలు కావాలని చేయలేదని నమ్మి మొదట ఏడాది నిషేధం వేశారు. అయినా అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లకు పెంచింది. 2012 లండన్ ఒలింపిక్స్ వాళ్ల చేతి నుంచి జారిపోయింది. కోచ్ ఇచ్చాడు కాబట్టి మింగాం అన్నది అక్కడ చెల్లలేదు. నీ ఒంట్లో ఏముంటే దానికి నువ్వే బాధ్యురాలివి అన్నారు.

ఆ తీర్పు చదివినప్పటి నుంచి నేను పిల్లల చేతిలో ఏదైనా పెట్టాలంటే నా చెయ్యి ఆగుతోంది. కల్తీ లేని అసలు మూలికతోనూ ఇదే ప్రమాదం ఉంది. మన అడవుల్లో దొరికే ముష్టి గింజల్లో ఉండే స్ట్రిక్నిన్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధ జాబితాలో పేరుతో సహా ఉంది. శుద్ధి చేసిన ముష్టి కలిసే ఆయుర్వేద మాత్రలు నరాల బలానికని అంగట్లో దొరుకుతాయి. కబడ్డీలో, అథ్లెటిక్స్‌లో రాష్ట్రస్థాయికి వెళ్లే పిల్ల అది వేసుకుంటే ఇంక చెప్పేదేముంది.

డబ్బాల మీద కమీషన్ సంగతి నాకు తెలుసు. జిమ్ ట్రైనరుకు పదీ పదిహేను వేలు ఇస్తారు, ఇంటి అద్దె డబ్బాల మీదే గడుస్తుంది. మిమ్మల్ని దొంగలని అనడానికి రాయడం లేదు. కానీ డబ్బా మీద మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరుంది కదా అంటున్నారు. ఆ నంబరు తయారీదారుకు లైసెన్సు ఉందని చెబుతుంది. కొవ్వు కరుగుతుందని చెప్పదు. అదే డబ్బా మీద నాట్ ఫర్ మెడిసినల్ యూజ్ అని కూడా రాసి ఉంటుంది, చూడండి. ఆహార భద్రత చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది. ప్రచురించినవాళ్లే కాదు, అందులో పాలుపంచుకున్నవాళ్లూ దాని కిందికి వస్తారు. మన జిమ్ గోడ మీది పోస్టరు, మన వాట్సాప్ స్టేటస్ అందులోకి రావని నేను అనుకోను. 1954 నాటి చట్టంలో, మందుతో నయం చేస్తామని ప్రచారం చేయకూడని జబ్బుల పట్టికలో స్థూలకాయం కూడా ఉంది.

నేను అడిగేది ఇంతే. గ్రౌండ్ మీద, జిమ్ములో మన చేతి మీదుగా అమ్మకం ఆపేద్దాం. ప్లాను రాసివ్వడానికి, టైం తీయడానికి, పరుగెత్తే తీరు, బరువెత్తే తీరు సరిచేయడానికి ఫీజు తీసుకోండి, అది మీ కష్టం, దానికి ఎవరూ కాదనరు. ఎవరైనా డబ్బా పట్టుకొచ్చి అడిగితే ఏ మూలిక ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉందా అని వెతకండి. బ్లెండ్ అని ఒకే అంకె ఉంటే అక్కడే పక్కన పెట్టించండి. బీపీ, థైరాయిడ్, కామెర్లు, గుండె దడ గురించి అడగండి. పోటీలకు వెళ్లే పిల్లలైతే డాక్టరు రాయనిదేదీ వద్దని గట్టిగా చెప్పండి. పల్లీలు, గుడ్డు, పప్పు, పెరుగు, అన్నం గురించి అడిగితే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి, అందులో కండ కోసం ప్రొటీన్ పొడులు వద్దనే రాశారు.

వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు మా గ్రౌండ్‌లో పల్లేరు పీకుతున్నాం. కొడవళ్లు, గోనె సంచులు మా పిల్లలు తెస్తారు. చుట్టుపక్కల ఉన్నవాళ్లు రండి. మీ షెల్ఫులో ఉన్న డబ్బా ఒకటి తెస్తే, పని అయ్యాక గట్టు మీద కూర్చుని ఆ లేబుల్ పిల్లల ముందే పేరు పేరునా చదువుదాం.

మీ తోటి
ఒక పీఈటీ